రికార్డులు జపాన్ వాళ్ళవి, పెంకులు మనవి

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే ఒక మిత్రుడు ఫోన్ తీసి వీడియో చూపించాడు. టోక్యోలో ఎవరో పెద్దాయన. ఇల్లంతా జాజ్ రికార్డులు, అవి పోగా మిగిలిన చోటంతా పుస్తకాలు. రోజుకో రికార్డు వింటాడట, రోజుకో పుస్తకం తెరుస్తాడట. "జీవితం అంటే అదిరా! మనమూ ఉన్నాం, ఎందుకు?" అన్నాడు మావాడు. చుట్టూ ఉన్న నలుగురూ అవునవును అని తల ఊపారు. నేనూ ఊపాను. సీటుకి వచ్చి కూర్చున్నాక ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి :)

ముందుగా ఒక నేరం ఒప్పేసుకుంటాను.

2004లో నాకు ఏడేళ్ళు. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి, అక్కడికి నాలుగు సందుల అవతల సొంతింటికి మారుతున్నాం. మా తాతయ్య లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు, అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. ఆయన ట్రంకు పెట్టెలో ఓ నలభై దాకా గ్రామఫోను రికార్డులు ఉండేవి. అవి వినడానికి పెట్టె లేదు. అదెప్పుడో పాడైపోతే ఎవరో పట్టుకెళ్ళారు. పాత సామాన్ల వాడొచ్చి, వాటిని చేత్తో తూచి చూసి, "ఇది ప్లాస్టిక్కూ కాదు, ఇనుమూ కాదు, నాకొద్దు" అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. 78 ఆర్పీఎం రికార్డు అంటే లక్కలో రాతిపొడి కలిపి అచ్చుపోసిన బిళ్ళ. ప్రపంచమంతా ఆ రికార్డులకి వాడిన లక్కలో చాలా భాగం మన దేశం చెట్ల మీద పురుగులు పెట్టిందే.

పాత సామాన్ల వాడు వద్దన్నాక అవి పిల్లలకి దక్కాయి. పిల్లలం ఏం చేస్తాం? రైల్వే గ్రౌండులో నిలబడి ఒక్కొక్కటీ గాల్లోకి గిరగిరా విసిరాం. లక్క బిళ్ళ నేలకి తగిలితే పెంకు పగిలినట్టు పగులుతుంది. ఆ చప్పుడు కోసం మళ్ళీ మళ్ళీ విసిరాం. అందరికంటే దూరం విసిరింది నేనే. ఆ రోజు దానికి గర్వపడ్డాను కూడా.

తాతయ్య కాగితాల మధ్య ఇరుక్కుని ఒక్కటి మిగిలింది. దాని సంగతి చివర్లో చెప్తాను.

2023లో ప్రాజెక్టు పని మీద పదకొండు నెలలు కవాసాకీలో ఉన్నాను. అక్కడ ఒక శనివారం వాన పడుతుంటే తలదాచుకుందామని ఒక రికార్డుల షాపులో దూరాను. నాకు అప్పటికి జాజ్ గురించి తెలిసింది సున్న. డబ్బా అట్టల్లో వరసగా ఎల్పీలు. ప్రతిదానికీ పక్కన ఓబీ అని ఒక కాగితం పట్టీ. ఆ పట్టీ ఉంటే ఒక ధర, పోతే ఇంకో ధర. రికార్డు మీద గీత ఉంటే ఏ వైపు, ఎన్నో పాట దగ్గర, వింటే ఎన్నిసార్లు టిక్కుమంటుంది అనేది చీటీ మీద చేత్తో రాసి అంటించారు. బగ్ రిపోర్ట్ అలా రాసే టెస్టర్ నా టీములో ఒక్కడుంటే చాలు అనిపించింది.

అక్కడ చేతికి దొరికింది జాన్ కోల్‌ట్రేన్ 'బ్లూ ట్రేన్'. పేరులో ట్రైన్ వినబడింది కదా అని తీశాను (రైల్వే రక్తం). వెనక్కి తిప్పితే అంతా రాసి ఉంది. రికార్డు చేసింది 1957 సెప్టెంబర్ 15. చోటు న్యూజెర్సీలో హాకెన్‌సాక్, రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. ట్రంపెట్ లీ మోర్గాన్, ట్రోంబోన్ కర్టిస్ ఫుల్లర్, పియానో కెన్నీ డ్రూ, బేస్ పాల్ చాంబర్స్, డ్రమ్స్ ఫిలీ జో జోన్స్. ఆ రోజు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో, ఎవరి చేతిలో ఏముందో అంతా ఉంది. అట్ట మీద రాసి ఉన్న ఆ పేర్లు చదువుతూ నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. కారణం జాజ్ కాదు, ఇంట్లో ఉన్న ఆ ఒక్క రికార్డు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జాజ్ జపాన్ వాళ్ళది కాదు. అమెరికాలో నల్లవాళ్ళ సంగీతం. యుద్ధకాలంలో, 1943లో, జపాన్ ప్రభుత్వం దాన్ని శత్రువుల సంగీతం అని నిషేధించింది. యొకోహామాలో 'చిగుసా' అనే జాజ్ కాఫీ దుకాణాన్ని మమోరు యొషిదా అనే ఆయన 1933లో పెట్టాడు. 1945 మే నెల బాంబుదాడిలో దుకాణం, రికార్డులు అన్నీ కాలిపోయాయి. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. విదేశీ రికార్డు కొనుక్కునే తాహతు మామూలు మనిషికి లేని రోజులవి. ఒక కాఫీ తెప్పించుకుని గంటలు గంటలు కూర్చుని వినేవాళ్ళు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న తొషికో అకియోషి, సదావో వాతనాబే కుర్రతనంలో అక్కడ కూర్చుని విన్నవాళ్ళే. రికార్డు అరిగేదాకా విని స్వరాలు రాసుకుని నేర్చుకున్నారు.

పరాయివాళ్ళ సంగీతాన్ని వాళ్ళు అంత భద్రంగా చూసుకున్నారు. మరి మనది మనం? మా మిత్రుడు ఆ వీడియో చూసి నిట్టూర్చిన నిట్టూర్పులో నాకు మండింది ఇదే. మనకి ఆ పెద్దాయన మీద మోజే గానీ ఆయన చేసిన పని మీద కాదు.

ఇలా అంటే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. మొదటిది, "అంతా యూట్యూబులో ఉంది కదా బాసూ". ఎక్కడుంది? ఏ పాత నాటక పద్యమైనా వెతకండి. ఒకే పద్యం మూడు ఛానళ్ళలో ముగ్గురు గాయకుల పేర్లతో ఉంటుంది. ఒకడు కపిలవాయి రామనాథశాస్త్రి అంటాడు, ఇంకొకడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు అంటాడు, మూడోవాడు 'పాత పద్యాలు పార్ట్ 4' అని పెట్టి పైన దీపం బొమ్మ తిప్పుతుంటాడు. రికార్డు నంబరు ఉండదు, కంపెనీ ఉండదు, ఏడాది ఉండదు. స్పీడు సరిగ్గా లేక సగం పద్యాలు ఒక శృతి పైనో కిందో పలుకుతుంటాయి. ఏ కాలమ్‌కీ పేరు లేని టేబుల్‌ని మనం ఆఫీసులో డేటాబేస్ అని ఒప్పుకుంటామా? ప్రొడక్షన్ డేటా ఒక్క కాపీ ఉంచి, అదీ ఎవడో తెలియనివాడి అకౌంట్లో ఉంచితే మనల్ని ఉద్యోగంలో ఉంచుతారా?

పుస్తకాల విషయంలో ఈ సినిమా ఒకసారి చూశాం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఉండేది. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు కొట్టారు. ఉన్న పుస్తకమే వెతికితే దొరికేది కాదు. తర్వాత ఆ సైటే కనబడకుండా పోయింది. ఎవరూ అడగకుండానే కొందరు ముందుగా కాపీ తీసి ఆర్కైవ్‌లో పెట్టబట్టి ఇవాళ మనం చదువుకుంటున్నాం.

రెండో జవాబు, "అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని". చెయ్యాలి, కాదనను. జపాన్ జాతీయ గ్రంథాలయం వాళ్ళు 1900 నుంచి 1950 దాకా వచ్చిన సుమారు 50 వేల పాత రికార్డింగులు డిజిటల్ చేసి, 2011 నుంచి జనానికి వినిపిస్తున్నారు. మనవాళ్ళూ చేస్తే దండం పెడతాను. కానీ ఒక్క భవనంలో ఒక్క కాపీ దాచి నిశ్చింతగా ఉండటం ఎంత ప్రమాదమో హైదరాబాదులో ఉన్నవాళ్ళకి తెలియాలి. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన ఏళ్ళ తరబడి సొంతంగా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరిచారు. 2000 ఆగస్టు వరదల్లో అక్కడికి నీళ్ళొచ్చి అవి దారుణంగా దెబ్బతిన్నాయి. తప్పు వాళ్ళది కాదు, నీటిది. రెండో కాపీ ఉంటే మాత్రం నీరు ఏం చేసేది?

మూడో జవాబు, "వాళ్ళకి డబ్బుంది". ఈ మాట హైటెక్ సిటీలో కూర్చుని అంటున్నారు చూడండి, అదీ అందం! జాతకాలు చెప్పక్కర్లేదు, మన ఫ్లోర్‌లోనే ఎంతమంది దగ్గర సూట్‌కేసు ఆకారంలో ఉన్న రికార్డు ప్లేయరు ఉందో లెక్కపెట్టండి. దాని పక్కన మూడు వేలు పెట్టి కొన్న కొత్త ఎల్పీ, దాని పక్కన మురకామి నవల, పైన లైటు. ఫొటో తీయడం, పెట్టడం. మురకామి రచయిత కాకముందు 1974 నుంచి టోక్యోలో 'పీటర్ క్యాట్' అని జాజ్ బార్ నడిపాడు. గ్లాసులు కడిగాడు, రికార్డులు మార్చాడు. ఆ నవలల్లో సంగీతం ఆ చాకిరీలోంచి వచ్చింది, పైన వేసిన లైటులోంచి కాదు. పైగా ఆ సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటి సూది బరువుగా కూర్చుని గాడిని గీకేస్తుంది. ఇంకో ఘోరం, అందులో 78 అని ఒక మీట ఉంటుంది. ఎల్పీ సూదితో పాత 78 రికార్డు వేయకూడదండీ బాబూ. 78ది వెడల్పు గాడి, దానికి మూడు మిల్ సూది కావాలి. సన్న సూది గాడి అడుగున పడి కొట్టుకుంటుంది. మిగిలిన నాలుగు రికార్డులూ అలా పోగొట్టుకోకండి.

ఇదంతా వేరేవాళ్ళ మీద కోపం అనుకునేరు. అబిడ్స్‌లో ఆదివారం షాపులు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల బజారు నా ఇంటి నుంచి అరగంట దూరం. ఇరవై ఆరేళ్ళొచ్చేదాకా నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఎంసెట్ మెటీరియల్ కోసం. టోక్యోలో జింబోచో వీధిలో వందకు పైగా పాత పుస్తకాల షాపులున్నాయి. అక్కడ చాలా షాపులు వీధికి దక్షిణం వైపున, ఉత్తరానికి ముఖం పెట్టి ఉంటాయి. ఎందుకంటే పుస్తకాల మీద ఎండ పడకూడదని! అది చూసి మురిసిపోయి ఇంటికి ఫోన్ చేసి మా నాన్నకి చెప్పాను. ఆయన, "మన అబిడ్స్‌లో అయితే ఎండలో పరిచి, వానొస్తే పట్టా కప్పుతాడు. అయినా అమ్ముతూనే ఉన్నాడు కదరా" అన్నాడు. నోరు మూసుకున్నాను.

తిరిగొచ్చాక ఆదివారాలు అబిడ్స్ పట్టాను. రికార్డుల కోసం అక్కడ పుస్తకాలు ఎందుకంటే, రికార్డు గురించిన వివరం రికార్డు మీద ఉండదు. రికార్డు కంపెనీలు కొత్త రికార్డుల జాబితాలు అచ్చేసేవి. పాత వారపత్రికల్లో, మాసపత్రికల్లో ప్రకటనలు వేసేవి. ఆ అట్టలేని, చెదలు తిన్న కాగితాల్లోనే ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు అన్నది దొరుకుతుంది. జపాన్ వీడియోలో ఆ పెద్దాయన ఇంట్లో రికార్డుల పక్కన పుస్తకాలు ఎందుకున్నాయో నాకప్పుడు అర్థమైంది. ఒకటి లేకపోతే రెండోది మూగదే.

మనలో ఈ పని చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు నలభై వేలకు పైగా రికార్డులు సేకరించారు, లిమ్కా బుక్కులో ఎక్కారు. ఊరికే పోగెయ్యలేదు, ఎవరు పాడారు ఎవరు కట్టారు అని తప్పొప్పులు పట్టి మరీ రాశారు. 'ఈమాట' పత్రికలో పరుచూరి శ్రీనివాస్ గారు పాత రికార్డుల, రేడియో కార్యక్రమాల ఆడియోలు వివరాలతో సహా వినిపించారు. ముంబయిలో రికార్డు సేకర్తల సంఘం 1990 నుంచి నడిచింది. వీళ్ళందరినీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నా బాధ అదే. ఇంకో బాధ ఏంటంటే, గ్రామఫోను కంపెనీ మన దేశంలో మొదట్లో చేసిన రికార్డింగుల జాబితాని 1994లో పుస్తకంగా వేసింది మైకేల్ కినియర్ అనే ఆస్ట్రేలియా ఆయన. గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో పాడితే, ఆ లెక్క తొంభై ఏళ్ళ తర్వాత మెల్బోర్న్ వైపు నుంచి రావాల్సొచ్చింది.

దాచుకుని కూర్చున్నవాళ్ళని కూడా ఒక మాట అనాలి. జంటనగరాల్లో ఒక సేకర్త ఇంటికి నాలుగుసార్లు తిరిగాను. పేరు చెప్పను. నాకు పాటలు వద్దండీ, తెలుగు నాటకాల రికార్డుల లేబుళ్ళు ఫొటో తీసుకుంటాను, అంతే అన్నాను. "మీరు తీస్తే వీటి విలువ పడిపోతుంది" అన్నాడు. ఏ విలువ? ఆయన తర్వాత ఆ గది ఎవరు తెరుస్తారు? ఆయన మనవడికి ఇప్పుడు ఏడేళ్ళు. ఏడేళ్ళ మనవడు ఏం చేస్తాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

కాపీరైటు భయం చెప్పేవాళ్ళకి కూడా ఒక మాట. మన 1957 చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు. అంటే 1960 దాకా వచ్చిన రికార్డుల్లో ఆ రికార్డింగు హక్కు తీరిపోయింది. కానీ సాహిత్యం, సంగీతం వేరే లెక్క, రాసినవాళ్ళు పోయాక అరవై ఏళ్ళు. ఉదాహరణకి ఘంటసాల పాడిన పుష్పవిలాపం పద్యాలు కరుణశ్రీవి. ఆయన 1992లో పోయారు, కాబట్టి 2052 దాకా ఆ పద్యాల మీద హక్కు ఉంటుంది. సరే, నెట్లో పెట్టకండి. లేబుల్ మీద ఉన్న నంబరు, పేరు, కంపెనీ ఒక పట్టికలో రాసుకోవడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? అదొక్కటి చెయ్యడానికి మనకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? రోజంతా చేసేదే ఆ పని కదా, వేరేవాళ్ళ ఇన్వాయిస్‌ల మీద.

ఇక నా దగ్గర మిగిలిన ఆ ఒక్క రికార్డు.

మాది మొదట తెనాలి. మా ముత్తాత అక్కడ నాటకాలకి హార్మోనియం వాయించేవాడట. రామవిలాస సభ, స్థానం నరసింహారావు గారు, ఆ హోరు అంతా ఉన్న ఊరు. స్టేజీ మీద వన్స్‌మోర్లు పడితే పద్యం అరగంట సాగేదట. రికార్డులో మాత్రం వైపుకి మూడు నిమిషాలే, రాగం దంచి పద్యం ముగించాలి. మా నాయనమ్మ చిన్నప్పట్నుంచీ చెప్పే మాట ఒకటే, "మీ తాతయ్య ఆ రికార్డులు దాచింది పాట కోసం కాదురా, అందులో హార్మోనియం వాళ్ళ నాన్నది". ఏ రికార్డులో? తెలీదు. అన్నిట్లోనా, ఒక్కదాంట్లోనా? తెలీదు. నేను గ్రౌండులో విసిరినవాటిలో ఉందో, మిగిలినదాంట్లో ఉందో అదీ తెలీదు.

మిగిలిన రికార్డు లేబుల్ ముప్పాతిక చిరిగిపోయింది. కుక్క బొమ్మ తోక భాగం కనబడుతుంది. 'పద్యము' అన్న ముక్క కనబడుతుంది. పాడినవారి పేరు లేదు. హార్మోనియం వాయించినవారి పేరు లేబుల్ పూర్తిగా ఉన్నా ఉండదు, అప్పట్లో పక్కవాద్యాల పేర్లు వేసేవాళ్ళే తక్కువ. హాకెన్‌సాక్‌లో డ్రమ్ము కొట్టినవాడి పేరు కవాసాకీలో వాన నుంచి తప్పించుకోవడానికి షాపులో దూరిన నాకు తెలుస్తుంది. తెనాలిలో హార్మోనియం వాయించిన మా ముత్తాత పేరు మెట్టుగూడలో నాకు తెలీదు. ఇంట్లో ఆయన పేరు తెలుసు, రికార్డుకి ఆ పేరు అతికించే కాగితం లేదు.

జపాన్ నుంచి వస్తూ 78కి పనికొచ్చే సూది ఒకటి తెచ్చాను, ఆడియో టెక్నికా వాళ్ళది. నా ప్లేయరులో 78 స్పీడు లేదు. అందుకని 45 మీద తిప్పి రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్లో 1.733 రెట్లు వేగం పెంచాను. మొదటి ప్రయత్నంలో ఆయనెవరో ఆడపిల్ల గొంతుతో పాడాడు, లెక్క తప్పు కొట్టాను. రెండోసారి కుదిరింది. గరగర మధ్యలోంచి ముందు హార్మోనియమే వచ్చింది.

నాయనమ్మకి ఇప్పుడు ఎనభై నాలుగు. హెడ్‌ఫోన్లు పెడితే తల నొప్పి అంటుంది, అందుకని స్పీకర్లో పెట్టాను. కళ్ళు మూసుకుని వింది. నిమిషంన్నర దాటాక ఒకచోట పాడేవాడు గుక్క తిప్పుకునేలోపు హార్మోనియం ఒక మెట్టు ముందుకు పరిగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి కలుస్తుంది. అక్కడ నాయనమ్మ నవ్వింది. "ఇదిగో, ఇక్కడే. మా నాన్న తొందరపడ్డాడు చూడు అని మీ తాతయ్య ప్రతిసారీ నవ్వేవాడు" అంది.

ఇది రుజువు కాదని నాకు తెలుసు. కోర్టులో నిలబడదు, డిస్కోగ్రఫీలో ఎక్కదు. ఆవిడకి గుర్తున్నది ఇంకో రికార్డయినా కావచ్చు.

రికార్డు మధ్యలో, గాడి ఆగిపోయిన నున్నటి చోట, గీసినట్టు ఒక ఐదంకెల నంబరు ఉంది. భూతద్దం పెట్టి రాసుకున్నాను, ఫొటో కూడా తీశాను. మీ ఇంట్లో అటక మీద కుక్క బొమ్మ ఉన్న తెలుగు నాటక రికార్డులేవైనా ఉంటే, లేబుల్‌ని, ఆ మధ్యలో అంకెల్ని ఫొటో తీసి పంపండి. రికార్డు పంపొద్దు, కొననూ కొనను. నంబర్లు ఒక పట్టికలో పెడుతున్నాను, ఇప్పటికి నూట పన్నెండు అయ్యాయి. రెండో వైపు బీటు ఉంది, దాని మీద సూది పెట్టడానికి ఇంకా ధైర్యం చాల్లేదు.